నాలుగో సాలు

మా ఇంట్లో స్టీలు బిందెలకు కొదవ లేదు. నేను కాపురానికి వచ్చేసరికే వంటింటి గోడ వారగా ఐదు బిందెలు వరుసగా ఉన్నాయి. ఐదింటి మెడల మీదా ఒకే అక్షరాలు చెక్కి ఉన్నాయి: "వాక్య పోటీ, మొదటి బహుమతి". కొత్త కోడలిని కదా, ఇన్నెందుకు కొన్నారో తెలియక మా ఆయన్ని అడిగాను. "కొనలే. మా అమ్మ గెలుచుకొచ్చింది," అన్నాడు. ఆయన బస్సు కండక్టరు. ఎంత పెద్ద సంగతైనా టికెట్టు చింపి చేతిలో పెట్టినంతలో తేల్చేస్తాడు.

ఆ పోటీ సంగతి చెప్పాలి. నారాయణఖేడ్‌లో మా చర్చికి కోతల పండుగ ఉంది. కందులు ఇళ్లకు చేరాక ఒక ఆదివారం ఎవరి పంటలో మొదటి మూట వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. మర్నాడు మధ్యాహ్నం స్త్రీల సమాజానిది. అత్తలంతా ఒక జట్టు, కోడళ్లంతా ఒక జట్టు. నెల ముందే బైబిల్లో ఒక అధ్యాయం ఇస్తారు. పోటీ రోజు తీర్పు చెప్పే ఆమె ఒక అంకె అంటుంది, ఆ అంకె వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పాలి. ఒక జట్టు తప్పితే రెండో జట్టు అందుకుంటుంది. దొంగచాటుగా చూడకుండా అందరి బైబిళ్లూ ముందే పోగుచేసి బల్ల మీద పెట్టి గుడ్డ కప్పేస్తారు. గెలిచిన జట్టు నాయకురాలికి బిందె. మా కోడళ్ల జట్టులో టీచర్లున్నారు, అంగన్‌వాడీ ఆమె ఉంది, ఇంటర్ పాసైన వాళ్లున్నారు. అయినా మేం ఒక్కసారి కూడా గెలిచిన పాపాన పోలేదు. అవతల అత్తల జట్టులో సగం మందికి అక్షరం ముక్క రాదు.

వాళ్ల నాయకురాలు మా అత్తమ్మ. ఆమెకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. కానీ ఏ అధ్యాయం అడిగినా అంకెలతో సహా వల్లిస్తుంది. ఇదెలా సాధ్యమని నేను మొదట్లో తెగ ఆశ్చర్యపోయేదాన్ని. ఒకరోజు జొన్నరొట్టెలు కొడుతూ తనే చెప్పింది.

"మాది నాగల్‌గిద్ద అవతల. బడి లేదు, పాడు లేదు. మిషన్‌ల పనిచేసే ఒక వాక్యాలమ్మ వస్తుండె. మేం కూలి ఇడిసిపెట్టి ఆమె తాన కూసుంటమా? అందుకని ఆమెనే చేన్లకు వచ్చేది. మాతోని కలుపు తీసుకుంట చెప్పేది. ఒక సాలుకు ఒక వచనం. సాలు అయిపోయేటాలకు వచనం నోటికి రావాలె. రాకపోతే మల్ల గదే సాలు ఎనుకకు నడిపిచ్చేది."

అందుకే ఆమెకు వచనాలు కాగితం మీద లేవు, జొన్న చేలో మొక్కల వరుసల్లో ఉన్నాయి. పద్నాలుగో వచనం అంటే పద్నాలుగో సాలు. చెప్పేటప్పుడు ఆమె కుడి చేయి ఊరుకోదు. చాప మీదో, ఒళ్లోనో వేళ్లు కలుపు మొక్కలు పీకుతూ ముందుకు పోతుంటాయి. అది చూసి నేను చాలాసార్లు నవ్వుకున్నాను. లెక్కల టీచర్ని కదా, ఆ మాత్రం పొగరు ఉండేది.

రెండు వేల ఏడులో నేను కంప్యూటర్ కొన్నాను. పిల్లలకు ప్రశ్నపత్రాలు కొట్టుకోవడానికని చెప్పాను గానీ, అసలు సంగతి మోజు. అదే ఏడు మా అన్న హైదరాబాద్‌లో క్రైస్తవ వేదాంత విద్య చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడు ఒక సీడీ తెచ్చాడు. బైబిల్ చదువుకునే సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చట. తెరిస్తే తెర మీద ఎడమ పక్క గ్రీకు, కుడి పక్క ఇంగ్లిషు. గ్రీకు మాట మీద బాణం పెడితే కింద దాని అర్థం వస్తుంది. ఇంగ్లిషులో ఒక మాట కొట్టి వెతకమంటే, దాని వెనక ఉన్న గ్రీకు మాట ఎక్కడెక్కడ వచ్చిందో పట్టిక పరుస్తుంది. నాకు గ్రీకు రాదు. కానీ అక్షరాలు చూడగానే ప్రాణం లేచివచ్చింది. ఆల్ఫా, బీటా, థీటా, పై, సిగ్మా, అన్నీ నా బ్లాక్ బోర్డు మీద వాళ్లే. తొమ్మిదో తరగతి నుంచి నాతో ఉన్నవాళ్లు సువార్తలో కూర్చుని కనిపిస్తే ఎవరికైనా సంతోషమే కదా.

మా ఆయన వెనక నుంచి తొంగిచూసి, "గిదేంది, దేవుని వాక్యంల త్రికోణమితి?" అన్నాడు.

నేను ఊరుకుంటానా. నీళ్లకు గ్రీకులో "హుడోర్" అంటారని ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అంతే, నా ప్రాణానికి వచ్చింది. మర్నాటి నుంచి మా ఆయన డ్యూటీ దిగి గడపలో అడుగు పెట్టగానే "జర హుడోర్ తే" అనడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా అత్తమ్మ కూడా, "నల్లాల హుడోర్ వచ్చిందా?" అని వీధిలోకి కేకేసింది. మా వీధిలో సగం మంది అది ఉర్దూ మాట అనుకున్నారు.

నాకు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ ఒక పిచ్చి. బడి నుంచి రాగానే కరెంటు ఉందో లేదో చూసుకుని కూర్చునేదాన్ని. రొట్టె, దీపం, గొర్రె, బావి, ఏ మాట తోస్తే అది వెతికేదాన్ని. కంప్యూటర్ పాతది. వెతకమంటే గడియారం గుర్తు తిరుగుతూ ఉండేది. అది తిరుగుతుండగానే వంటింట్లోంచి అత్తమ్మ గొంతు వచ్చేది.

"ఏం ఎతుకుతున్నవ్ పిల్లా?"

"బావి, అత్తమ్మా."

"నాలుగో సువార్త నాలుగో అధ్యాయం, ఆరో సాలు. మల్ల పదకొండు, పన్నెండు. ఇగ ఎద్దు పడ్డ గుంట గూడ బావి లెక్కనే అయితే మూడో సువార్త పద్నాలుగు, ఐదు."

తెర మీద పట్టిక అప్పుడు వచ్చేది. ఆమె చెప్పినవే. నాకు ఒళ్లు మండేది. కరెంటు లేకపోయినా పనిచేసే మిషన్ వంటింట్లో ఉంటే, నా మిషన్‌కు విలువేముంటుంది? పక్కింటి ముస్లిం అక్కను మేం ఆపా అంటాం, వాళ్లింట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. పెరుగు తోడుకు వచ్చి ఒకసారి ఈ తమాషా అంతా చూసింది. "మా దాంట్ల ఖురాన్ గిట్ల మొత్తం నోటికి వచ్చినోల్లను హాఫిజ్ అంటం. ఎంత ఇజ్జత్ ఇస్తమో తెల్సా? నువ్వేమో కంప్యూటర్ కొన్నవ్," అని నన్ను ఎగాదిగా చూసి పోయింది.

అత్తమ్మకు ఇదంతా గొప్ప కాదు. ఆమె భయం వేరు. ఆమె అక్క చివరి రోజుల్లో మతి తప్పి, కన్నకొడుకునే ఎవరని అడిగింది. అత్తమ్మ కంగ్టిలో ఆమె మంచం దగ్గర మూడు నెలలు ఉండి వచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున కళ్లు తెరవగానే, దుప్పటిలో ఉండగానే ఒక అధ్యాయం మొత్తం మెల్లగా చెప్పుకునేది. ప్రార్థన అనుకున్నాను మొదట. "ప్రార్థన తర్వాత చేస్త. ముందుగాల మతి ఉన్నదా లేదా చూసుకుంటున్న," అంది. చివరి వచనం దాకా వస్తే ఆ రోజుకు ఆమెకు ధైర్యం.

అలా రెండేళ్లు గడిచాయి. ఆ ఏడు కోడళ్ల జట్టుకు నన్ను నాయకురాలిని చేశారు. ఇచ్చిన అధ్యాయం నాలుగో సువార్తలో ఐదోది. కోనేటి పక్కన ముప్పై ఎనిమిదేళ్లుగా మంచాన పడి ఉన్న మనిషి కథతో మొదలవుతుంది. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, అధ్యాయం పెద్ద అక్షరాల్లో కొట్టి ఇస్తే రెండు జట్లకూ పంచుదాం, తీర్పు చెప్పే ఆమె కూడా ఆ కాగితమే పట్టుకుంటుంది అన్నాడు. ఇక నా ఆనందం చూడాలి. మూడు గడులు గీశాను. మొదటి గడిలో అంకె, రెండో గడిలో తెలుగు వచనం, మూడో గడిలో ఆ వచనంలోని ఒక గ్రీకు మాట, దాని అర్థం. ఎవరూ అడగలేదు, నా గొప్ప కోసం.

నేను కొడుతుంటే అత్తమ్మ వచ్చి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "నేను చెప్త, నువ్వు కొట్టు. జల్దీ అయితది," అంది.

"వద్దత్తమ్మా. నేను గ్రీకు చూసుకుంట కొడుతున్న. నువ్వు చెప్తే తప్పులు పోతయ్," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. ఆమె స్టూలు ఎక్కడిదక్కడ పెట్టి కందిపప్పు చెరగడానికి పోయింది.

తెర మీద ఒక వచనం చూడటం, గ్రీకు మాట ఏరుకోవడం, ఆ వచనాన్ని తెలుగు బైబిల్లో వెతికి కొట్టడం, ఇదీ నా పద్ధతి. అంకెల గడి మాత్రం నేను నింపలేదు. కంప్యూటరే వరుసగా వేసుకునేలా పెట్టాను. అంత చిన్న పనికి లెక్కల టీచర్ ఎందుకని.

కాగితాలు పంచాం. కోడళ్లంతా తలా ఒకటి పొయ్యి వెనక గోడకు అంటించుకున్నారు. రొట్టె తిప్పుతూ ఒక వచనం, కూర కలుపుతూ ఒక వచనం. బైబిల్లో అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. అత్తల జట్టు కాగితాలను చూసి నవ్వింది. "మాకెందుకు బిడ్డా గివి? చదువొస్తదా ఏమన్ననా?" అని ఒకామె తన కాగితంలో ఉప్పుమిరపకాయలు పొట్లం కట్టింది.

పోటీ రోజు చర్చి నిండింది. తీర్పు చెప్పడానికి సంగారెడ్డి వైపు నుంచి ఒక రిటైర్డ్ నర్సమ్మను పిలిచారు. కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని, నా కాగితాన్ని జ్వరం చూసే థర్మామీటర్‌లా ఎత్తి పట్టుకుంది. "గ్రీకు చూసి తయారుచేసింది," అని పాస్టరు అయ్యగారు పరిచయం చేశాడు. నేను తల వంచుకుని సిగ్గు నటించాను.

మొదట రెండు, తర్వాత మూడు అడిగింది. ఒకటి వాళ్లు చెప్పారు, ఒకటి మేం చెప్పాం. తర్వాత అత్తల వైపు తిరిగి, "ఎనిమిది," అంది.

అత్తమ్మ చేయి చాప మీద కలుపు తీయడం మొదలుపెట్టింది. లేచి నీ పరుపెత్తుకుని నడువు అని ప్రభువు ఆ రోగితో చెప్పే వచనం. గంటలా చెప్పింది.

నర్సమ్మ కాగితం చూసి, తల అడ్డంగా ఊపింది. "కాదు. అవతలి జట్టు."

మా పక్కనుంచి అంగన్‌వాడీ ఆమె లేచి, వెంటనే వాడు స్వస్థత పొంది నడిచాడనే వచనం చెప్పింది. "కరెక్ట్," అంది నర్సమ్మ. కోడళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పద్నాలుగు అడిగింది. అత్తమ్మ చెప్పింది. కాదంది. మేం చెప్పాం, కరెక్ట్ అంది. ఇరవై నాలుగు. మళ్లీ అంతే. అత్తల జట్టులో ఒకామె, "గదే గదమ్మా ఇరవై నాలుగు," అని గొణిగింది. "కాయితంల అట్ల లేదు. కూసో," అని నర్సమ్మ కసిరింది. మా వాళ్లు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. ఇన్నేళ్ల పగ తీరుతోంది. బల్ల మీద కొత్త బిందె తళతళలాడుతోంది. నాకు ఆ బిందె కావాలనిపించింది, అబద్ధమెందుకు? దాన్ని అత్తమ్మ బిందెల పక్కన కాకుండా విడిగా, కంప్యూటర్ బల్ల మీదే పెట్టాలని కూడా అనుకున్నాను.

అప్పుడు అత్తమ్మ వైపు చూశాను. గెలుపు మీద ఉన్నదాన్ని, ఆమె ముఖం ఎలా ఉందో చూద్దామనే చూశాను. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. చాప మీద చేయి మెల్లగా వెనక్కి పోతోంది. మొదటి సాలు దగ్గరికి పోయి, కలుపు తీస్తూ మళ్లీ ముందుకు వస్తోంది. ఎక్కడో ఒకచోట ఆగి మళ్లీ వెనక్కి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఆమెకు అదే సాలు వస్తోంది, నర్సమ్మ మాత్రం కాదంటోంది.

పక్కామె వైపు వంగి అంది, నాకు వినపడేంత దగ్గరే: "నన్ను తీసెయ్యి చెల్లె. ఇంకెవరినన్న కూసోబెట్టు. నాకు మతి పోతున్నట్టున్నది. మా అక్క లెక్కనే అయితున్న."

ఆ చేయి ఏనాడూ తప్పలేదు. మరి తప్పిందెవరు? ఒళ్లోని నా కాగితం చివరి అంకె చూశాను. నలభై ఆరు. ప్రతి పొద్దునా దుప్పటిలోంచి ఆ అధ్యాయం ఎన్నిసార్లు విన్నానో. ఆమె నలభై ఏడు దగ్గర ఆగి, ఊపిరి వదిలి, లేచేది. నెల రోజుల పాటు ఆ కాగితం నా ముందుండగా, లెక్కల టీచర్ని, చివరి అంకె చూడలేదు నేను.

లేచి బల్ల దగ్గరికి పోయి గుడ్డ ఎత్తాను. "టీచరమ్మా, ముట్టొద్దు," అని నాలుగైదు గొంతులు వినిపించాయి. ముట్టాను. పైనున్న బైబిల్ తీసి అధ్యాయం తెరిచాను. మూడో వచనం తర్వాత నాలుగోది ఉంది. అప్పుడప్పుడు దేవదూత కోనేట్లోకి దిగి నీళ్లు కదిలిస్తాడని, ముందు దిగినవాడు బాగుపడతాడని. నా కాగితంలో అది లేదు. మూడు తర్వాత ఐదోది నాలుగై కూర్చుంది. అక్కడి నుంచి అధ్యాయమంతా ఒక మెట్టు పైకి జరిగింది. దేవదూత కాగితంలోంచి ఎగిరిపోయినా, చదువుకున్న కోడళ్లలో ఒక్కరికీ తెలియలేదు.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను నర్సమ్మతో కాదు, నేరుగా ఆమెతోనే చెప్పాను.

"అత్తమ్మా, నీ మతి ఏం పోలే. నువ్వు చెప్పినవన్నీ కరెక్టే. సాలు ఇడిసిపెట్టింది నేను. గ్రీకుల నాలుగో వచనం లేనట్టున్నది. నేను గా తెర చూసుకుంట కొట్టిన, అంకెలు కంప్యూటర్ వేసింది. నేను చూసుకోలే."

పాస్టరు అయ్యగారు దగ్గి, కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో ఆ వచనం ఉండదని, కొన్నిట్లో ఉంటుందని, ఇది పండితులకు తెలిసిన సంగతేనని చెప్పాడు. తెలిసిన సంగతైతే ముందే చెప్పొచ్చు కదా అని అడగబోయాను గానీ, తప్పు నాది కాబట్టి నోరు మూసుకున్నాను. నర్సమ్మ నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసింది. నా వెనక అంగన్‌వాడీ ఆమె, "గెలిచినం గదనే. ఇంక ఐదు నిమిషాలు ఆగితే ఏం పోయేది?" అని పళ్లు కొరికింది.

అత్తమ్మ చేయి వెనక్కి పోవడం ఆగింది. అరచేయి చాప మీద అలాగే ఆనించి ఉంచింది. తర్వాత, "నాలుగోది చెప్పాల్నా?" అని అడిగింది. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. సగంలోకి వచ్చేసరికి అత్తలందరూ గొంతు కలిపారు.

పోటీ మళ్లీ పెట్టారు, ఈసారి నర్సమ్మ చేతిలో అసలు బైబిల్. మా కోడళ్లు పొయ్యి గోడ మీద నేర్చుకున్నదంతా ఒక అంకె తేడాతో చెప్పి, ఒక్కటి కూడా నిలబెట్టుకోలేకపోయారు. ఆ ఏడు ఓడినంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు. ఆ బిందె కూడా మా ఇంటికే వచ్చింది, నేనే మోసుకొచ్చాను. ఆ తర్వాత చాలాకాలం నా జట్టు వాళ్లు నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఓ నలభై ఆరూ, కూరేం వండినవ్?" ఇదీ వరస. బడిలో పిల్లల దాకా పాకింది. మా ఆయనైతే బస్సులో నలభై ఆరో సీటు ఉంటుందా అని నన్నే అడిగాడు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది, కంప్యూటర్ ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"ఏది, చూపెట్టు. యాడ లేదో చూస్త."

తెరిచి చూపించాను. గ్రీకు పక్క మూడు తర్వాత తెల్లగా ఖాళీ, తర్వాత ఐదు. ఇంగ్లిషు పక్క ఒక చిన్న గుర్తు, అట్టడుగున రెండు ముక్కల వివరణ. ఆమె ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. తెర మీద పిండి మరక పడింది.

"రాసెటోడు ఒక సాలు మరిచిండా?"

"కావచ్చు. లేకుంటే తర్వాత రాసెటోడెవడో కలిపిండేమో అంటరు. అర్థం కావాలని."

ఆమె ఆలోచించింది. "కలిపితే ఏమాయె? నీళ్లెందుకు కదుల్తున్నయో చెప్పకపోతే, గా మనిషి ముప్పై ఎనిమిదేండ్లు గా ఒడ్డుకు ఎందుకు పండినట్టు? వినెటోల్లు అడగరా? కలిపినోడు మంచిగనే కలిపిండు."

పేజీలకు పేజీలు చదివి ఆ సీడీలోని వ్యాఖ్యానాల్లో నేను ఏరుకున్నది కూడా అంతే.

"గీడ రాయొస్తదా?" అని అడిగింది. వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ వచనం దగ్గరైనా మన మాట రాసి దాచుకోవచ్చు. ఆమె చెప్పింది, నేను కొట్టాను. మొదటిసారి ఆమె చెబుతుండగా కొట్టాను. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు అదే పని. ఆమె ఒక అధ్యాయం చెబుతుంది, నేను గ్రీకు, ఇంగ్లిషు పక్కపక్కన పెట్టి చూస్తాను, మధ్యలో ఆమె అన్న మాటలు ఆ వచనం కిందే దాస్తాను. "ఈ సాలుల రాళ్లెక్కువ" అంటే నోరు తిరగని పేర్లున్నాయని. "ఇది మెత్తటి సాలు" అంటే తేలిగ్గా వచ్చేదని. ఐదేళ్లలో బోలెడు పోగయ్యాయి. పక్కింటి ఆపా చూసి, "ఇప్పుడు నీ కంప్యూటర్‌కు జర అకల్, తెలివి వచ్చింది," అంది.

రెండు వేల పద్నాలుగు వచ్చేసరికి ఆమె భయపడ్డది మొదలైంది. ముందు ఉప్పు రెండుసార్లు వేయడం, తిన్నది మర్చిపోయి మళ్లీ కంచం ముందు కూర్చోవడం. ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వస్తే, "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగింది. ఆయన సంచి దించి, "నారాయణఖేడే అమ్మా. దిగేది కూడా గీడనే," అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన పెరట్లోకి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

ఆ ఎండాకాలమే నా కంప్యూటర్ చచ్చింది. బాగుచేసే అతను విప్పి చూసి, లోపలి డిస్కు కాలిపోయింది, దాంట్లో ఉన్నదేదీ రాదు అన్నాడు. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకోవచ్చు. గ్రీకు వస్తుంది, ఇంగ్లిషు వస్తుంది. ఆదివారాలు రావు. ఇంటికి వచ్చి ఖాళీ బల్ల ముందు కూర్చుని ఏడ్చాను. ఇంకో ఏడు పోతే ఆమెనూ అడగలేను కదా అని ఏడుపు.

అత్తమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. ఆ రోజు నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు.

"ఎందుకు ఏడుస్తున్నవ్ పిల్లా? ఏం పోయింది?"

"నువ్వు చెప్పినవన్నీ పోయినయ్ అత్తమ్మా. కోనేటి అధ్యాయం పోయింది. నాలుగో వచనం కూడా పోయింది."

"నీ మిషన్‌ల పోతే నా తానకెల్లి ఎట్ల పోతది?" అంది, కొంచెం విసుగ్గానే. "కాయిదం తే."

ప్రశ్నపత్రాల నోటుబుక్కు తీసుకుని మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆమె చేయి దుప్పటి మీద కదిలింది. మొదటి సాలు. రెండు. గొంతు సన్నబడింది గానీ మాట తొణకలేదు. మూడు చివరికి వచ్చి ఆగిపోయింది. వేళ్లు ఆగిపోయాయి. అందిద్దామా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

ఆమె మెల్లగా నా నోటుబుక్కు వైపు వంగి చూసింది. అక్షరం రాని మనిషి, అంకెలు మాత్రం పోల్చుకోగలదు.

"నంబర్ నువ్వు ఏస్తున్నవా, అదే పడుతున్నదా?"

"నేనే ఏస్తున్న అత్తమ్మా."

"ఆఁ. ఎయ్యి మరి," అని, వేళ్లు నాలుగో సాలులోకి జరిపి చెప్పడం మొదలుపెట్టింది.

నేను నాలుగు వేసి, పక్కన చుక్క పెట్టి, రాసుకున్నాను.